సూపరింటెండెంటు గారి ఛాతీలో రోలు

ఆ బుధవారం పొద్దున సూపరింటెండెంటు నారాయణ వేసుకున్న ప్లాను చాలా సులువైనది. పదింటికి జనగామలో ఆఫీసు. పదకొండింటికి, ఎవరికీ తెలియకుండా, రికార్డు రూములో కూర్చుని డాక్టరమ్మతో ఫోను. పన్నెండింటికి గార్లలో ఉన్న చెల్లెలు అహల్యకు ఇంకో ఫోను. ఒంటిగంటకు టిఫిన్ డబ్బా విప్పి భోజనం. అంతే. ఇందులో ఎక్కడా అంబులెన్సు లేదు.

"ఇయ్యాల బుధారం," అంది భార్య సులోచన, డబ్బా మూత బిగిస్తూ. "ఆదివారం గృహప్రవేశం. ఆడిబిడ్డ వచ్చి పాలు పొంగియ్యకుంటె నేనైతె ఆ గడప తొక్క. నువ్వూ, నీ మార్బుల్ బండలూ ఉండుర్రి ఆ ఇంట్ల."

"ఇయ్యాల చెప్త అన్న గద! గ్యారంటీ."

"నెల దినాల సంది గిదే గ్యారంటీ. ఫ్రిజ్జే నయం, దానికి కార్డన్న ఇస్తరు."

నారాయణ నవ్వి స్కూటర్ ఎక్కాడు. ఆయన బెంబేలు పడే రకం కాదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎంతమంది ఆడిటర్లకు చెమటలు పట్టించాడో జనగామ ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు. ఒక్క చెల్లెలి దగ్గరే ఆయన పప్పులు ఉడకలేదు. నంబరు నొక్కి, అవతల నుంచి "హలో" వినపడగానే గొంతు పూడుకుపోయేది. రఘునాథపల్లిలో రెండంతస్తుల ఇల్లు లేపిన మనిషి, ఒక్క "రా చెల్లె" అనే మాట లేపలేకపోతున్నాడు.

దీనికి కారణం ఒక కాకి. తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ బాపు పోయాడు. మూడో రోజు పిట్టకు పెట్టారు. విస్తరిలో అన్నం, మాంసం, గారెలు, చివరికి ఒక బీడీ కట్ట కూడా పెట్టారు. చెట్టు మీది కాకి తల ఇటు తిప్పింది, అటు తిప్పింది, కిందికి మాత్రం దిగలేదు. పిట్ట ముడితే తప్ప ఎవరూ ముద్ద ముట్టకూడదు కదా, గంటన్నర గడిచేసరికి ఆకలికి చుట్టాల మొహాలు వేలాడిపోయాయి. అప్పుడు అహల్య నలుగురిలో నోరు విప్పింది. "బాపు పోయే ముందల కల్లు కల్లు అని కలవరిచ్చిండు. అన్న సుక్క పొయ్యనియ్యలె. గందుకే పిట్ట ముడుతలేదు." ఎవరో పరిగెత్తి ముంతెడు కల్లు తెచ్చి విస్తరి పక్కన పెట్టారు. నురగ తగ్గకముందే కాకి వచ్చి వాలింది. అరవై తలలు ఒక్కసారిగా నారాయణ వైపు తిరిగాయి.

డాక్టరు వద్దన్నందుకే కల్లు ఆపానని, మంచాన పడ్డ మూడేళ్ళూ బాపును ఎత్తుకుని స్నానం చేయించింది తానేనని చెప్పాలని నారాయణ నోరు తెరిచాడు. కానీ కాకి సాక్ష్యం చెప్పాక మనిషి మాట ఏం చెల్లుతుంది! ఆ మాటను అట్లాగే మింగేశాడు. మింగింది కడుపులోకైనా దిగిందా అంటే, అదీ లేదు. గొంతుకూ ఛాతీకీ మధ్య ఎక్కడో ఇరుక్కుంది. ఆ రోజు నుంచి చెల్లెలి పేరు వింటే చాలు, అక్కడ బిగుసుకుపోతుంది. ఈసీజీ తీశారు, స్కానింగు తీశారు, గొంతులోకి గొట్టం వేసి చూశారు. అన్నీ నార్మల్. చివరికి హనుమకొండ డాక్టరు రిపోర్టులు మడిచిపెట్టి, జనగామలోనే ఉన్న కౌన్సెలర్ భావన పేరు రాసిచ్చాడు.

భావన మందులిచ్చేది కాదు, మాట్లాడించేది. అయినా నారాయణకు ఆమె డాక్టరమ్మే. "మీ చెల్లెను మాఫ్ చెయ్యుర్రి" అని నీతులు చెబుతుందేమోనని మొదటి రోజు ఆయన మంచి జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళాడు. ఆమె ఆ ఊసే ఎత్తలేదు. కాకి సంగతంతా విని, "సార్, గది చెప్పేటప్పుడు మీ భుజాలు చెవుల దాక పోయినయి, మీకు తెలిసిందా?" అని అడిగింది. నారాయణ చూసుకున్నాడు. నిజమే, పోయాయి! "దించకుర్రి. జరసేపు గట్లనే ఉంచి, ఏం మోస్తున్నయో చూద్దాం," అంది. అట్లా చూస్తూ చూస్తూ మాట్లాడేవాళ్ళు. అరిపాదాలు నేలకు ఆనించమనేది. బిగుసుకున్న చోట చెయ్యి పెట్టమనేది. ఎక్కువైతే ఆపమనేది. మూడు వారాలయ్యేసరికి, చాలా ఏళ్ళ తర్వాత, మెడ పట్టేయకుండా నారాయణ ఒక రాత్రంతా నిద్రపోయాడు.

ఈ సంగతి సులోచనకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే కొంప మునుగుతుంది. ఎందుకంటే పోయిన నెలే జూనియర్ అసిస్టెంటు మధుకర్ "మనసు బాగాలేదు, వారం సెలవు కావాలి" అని దరఖాస్తు పెడితే, ఈ నారాయణే దాన్ని స్టాఫంతా వినేలా పైకి చదివి, "మనసుకు బాగలేకపోవుడేందయ్యా? దానికి జరమొచ్చిందా, దగ్గొచ్చిందా?" అని తిప్పికొట్టాడు. ఇప్పుడు తానే మనసుకు వైద్యం చేయించుకుంటున్నానని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు!

పదకొండింటికి నారాయణ రికార్డు రూములో దూరి గడియ పెట్టుకున్నాడు. భావన ఆ రోజు భూపాలపల్లిలో గని కార్మికుల క్యాంపులో ఉంది కాబట్టి ఫోనే గతి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పాత ఫైళ్ళ మధ్య స్టూలు మీద కూర్చున్నాడు.

"చెల్లె ముందల కూసున్నదనుకోండి సార్. ఇప్పుడు ఒంట్ల యాడ తెలుస్తున్నది?"

"ఛాతీల. నడిమిట్ల."

"ఎట్లున్నది?"

"బరువు. రోలు వెట్టినట్టే ఉన్నదమ్మా."

"చెయ్యి వెట్టి చూడుర్రి. కదులుతున్నదా?"

"ఎడమ దిక్కు జరుగుతున్నది. గొంతు పట్టుకున్నది. అబ్బా... ఊపిరి ఆడ్తలేదు."

"తొందర లేదు సార్. ఆ రోలుకు నోరుంటె ఏమంటది?"

నారాయణ కళ్ళు మూసుకున్నాడు. మాట మెల్లగా, లోపలి నుంచి వచ్చింది. "మా చెల్లెను చూడాల్నని ఉన్నది. ఒక్కసారి కనవడితె చాలు."

వైద్యం చక్కగా సాగుతోంది. కానీ ఈ మాటల్లో సగం, అంటే నారాయణ సగం మాత్రమే, తలుపు బయట చాయ్ పట్టుకుని నిలబడ్డ అటెండరు గోప్యా చెవిన పడింది.

గోప్యాది కొత్తగూడ వైపు తండా. నెమ్మదస్తుడే, తెలివైనవాడే. అయితే పదేళ్ళ కిందట అతని తండ్రి "గ్యాసు" అంటూ గుండె పట్టుకుని, అడవి దారిలో దవాఖానకు చేరేలోపే పోయాడు. ఆ రోజు నుంచి ఛాతీలో బరువు అనే మాట వింటే గోప్యా ఒక్క క్షణం ఆగడు. చాయ్ గ్లాసు కింద పడింది. భుజంతో ఒక్క పోటు పొడిచేసరికి, గడియ ఊడి తలుపు తెరుచుకుంది.

"సారూ! మాట్లాడకుర్రి! పండుకోర్రి!"

"అరే గోప్యా, నాకేం కాలె..."

"మా బాపు గూడ గిట్లనే అన్నడు సార్!"

"ఉట్టి గ్యాసురా!"

"గదే! గా మాట గూడ అన్నడు!"

అతని కళ్ళలో నీళ్ళు చూసి నారాయణ తిట్టలేకపోయాడు. చూస్తుండగానే స్టాఫంతా మూగారు. అందరికంటే ముందు మధుకర్! ఫోనులో డాక్టరమ్మతో మాట్లాడుతున్నానని చెప్పడానికి నోరు తెరిచిన నారాయణ, మధుకర్ మొహం చూడగానే మళ్ళీ మూశాడు. "గ్యాసే" అని ఇంకోసారి నీరసంగా అన్నాడు. పది నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. నడుస్తానన్నా వినకుండా నలుగురూ స్ట్రెచర్ మీద పడుకోబెట్టి మోసుకెళ్ళారు. ఆడిటర్లను వణికించిన సూపరింటెండెంటు ఆఫీసు సీలింగుకు ఎన్ని బూజులున్నాయో ఆ రోజు మొదటిసారి చూశాడు.

దవాఖానలో డాక్టరు ఈసీజీ తీసింది. "మంచిగనే ఉంది. కానీ బీపీ బాగా ఎక్కువుంది. ఛాతీ నొప్పి అంటున్నరు కాబట్టి సాయంత్రం ఇంకోసారి తీసి చూసినంకనే పంపిస్తం," అంది. ఇంత హంగామా తర్వాత బీపీ పెరగకుంటే ఆశ్చర్యపోవాలి. సాయంత్రం దాకా ఎట్లాగో పడుకుంటే గండం గడుస్తుందని నారాయణ ధైర్యంగానే ఉన్నాడు. అప్పటికే మధుకర్ వాట్సాప్‌లో పెట్టేశాడని ఆయనకు తెలియదు.

"సూపరింటెండెంట్ సార్‌కు సీరియస్. చెల్లెను చూడాలని ఆఖరి కోరిక." నారాయణ నోట 'ఆఖరి' అనే మాట రాలేదు. గోప్యా విని చెప్పిన మాటకు ఆ నగిషీ మధుకర్‌ది. ఆ మెసేజి ఆఫీసు గ్రూపు నుంచి రఘునాథపల్లి గ్రూపుకు, అక్కడి నుంచి చుట్టాల గ్రూపుకు పాకింది. ఒంటిగంట కల్లా ఎవరో తొందరగల మనిషి "ఓం శాంతి" అని కూడా పెట్టేశాడు.

రెండింటికి వార్డు నిండిపోయింది. పరామర్శకు వట్టి చేతులతో రాకూడదు కాబట్టి, ప్రతి ఒక్కరూ ఒక డజను అరటిపండ్లో, బ్రెడ్డు ప్యాకెట్టో, కొబ్బరిబొండామో పట్టుకొచ్చారు. మంచం కింద పండ్ల దుకాణం తయారైంది. గృహప్రవేశానికి బయానా తీసుకున్న టెంట్ హౌజ్ వీరస్వామి అయితే సులోచనకు ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, "అక్కా, టెంటు ఆదివారమే ఎయ్యాల్నా, ఇయ్యాల్నే ఎయ్యాల్నా?" అని అడిగాడు.

"ఏందయ్యా గిది?" అంది సులోచన మంచం మీదికి వంగి, పళ్ళు బిగబట్టి. నారాయణ గుసగుసగా ఉన్నదంతా చెప్పాడు. ఆమెకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "సరే, ఇంకొకటి విను. అహల్య బయలెల్లింది. కారు మాట్లాడుకొని మానుకోట దాటిందట. దారి పొడుగున ఏడుపేనట."

అప్పుడు, ఆ రోజు మొదటిసారి, నారాయణ నిజంగా భయపడ్డాడు. ఆ ప్రాంతంలో పగబట్టిన చుట్టానికి ఒక కట్టుబాటుంది. మంచికి రాకున్నా సరే గానీ, చెడ్డకు మాత్రం రావాలి. అహల్య ఆ కట్టుబాటు ప్రకారమే వస్తోంది. వచ్చాక అన్నకు ఏమీ కాలేదని తెలిస్తే? తనను రప్పించడానికి ఉత్తుత్తి గుండెపోటు నాటకం ఆడాడంటుంది. తొమ్మిదేళ్ళ పగ తొంభై ఏళ్ళకు పాకుతుంది. పాలు పొంగవు, సులోచన గడప తొక్కదు. చెల్లెలు ఇక ఈ జన్మలో రాదు! ఆ చివరి మాట తలుచుకోగానే ఆయన కళ్ళు మండాయి.

నాలుగింటికి జేబులో ఫోను మోగింది. భావన! ఇంతమందిలో ఎట్లా మాట్లాడాలో తోచక, నారాయణ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చలేస్తోందని దుప్పటి తల మీదుగా ముసుగు తన్ని, లోపలి నుంచి గుసగుసలాడాడు.

"సార్, పొద్దుగాల తలుపు ఇరిగిన సప్పుడొచ్చింది, అటెన్క సిగ్నలే దొరుకలె. పరేషాన్ అయిన. మంచిగున్నరా?"

"దవాఖానల ఉన్నమ్మా. ఇప్పుడు నిజంగనే గుండె దడదడ కొట్టుకుంటున్నది."

"డాక్టర్లు చూసిండ్రు గద? సరే. పాదాలు నేల మీద ఆనియ్యగలరా?"

"మంచం దిగనిస్తలేరు!"

"అయితె ఈపు కింద పరుపుంది గదా, దాని మీద బరువు వదలండి. ఏం మాట్లాడకుర్రి. మెల్లగ ఊపిరి విడువుర్రి."

నారాయణ బరువు వదిలాడు. కాళ్ళు చాపి, చేతులు వదిలేసి, కదలకుండా పడుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఊళ్ళో నుంచి వచ్చిన కొమురవ్వ అనే ముసలామె వార్డు గుమ్మంలో అడుగుపెట్టింది. మంచం, మంచం చుట్టూ జనం, తల దాకా కప్పిన దుప్పటి, కదలని మనిషి. ఇంకేం కావాలి! "అయ్యో నారాయణా! పోతివా కొడుకా!" అని ఆమె పెట్టిన కేకకు, వెనకాలే మెట్లెక్కి వస్తున్న అహల్య పరుగందుకుంది. జనాన్ని తోసుకుంటూ వచ్చి మంచం పట్టీ మీద పడిపోయింది. సులోచన "ఆగు, ఆగు" అంటూనే ఉంది. ఎవరు వింటారు!

మన దగ్గర ఆడవాళ్ళు ఉత్తగా ఏడవరు. చెప్పుకుంటూ ఏడుస్తారు. గుండె బాదుకుంటూ, తల ఊపుతూ, లోపల ఉన్నదంతా రాగం తీసి బయట పెడతారు. అహల్య కూడా అట్లాగే ఎత్తుకుంది.

"ఓ అన్నా... నా తోడవుట్టిన అన్నా... కాకి ముందట నిన్ను నలుగుర్ల నిలవెడితినే... నోరు జారి పడితినే అన్నా... బాపు నా చెయ్యి వట్టుకొని చెప్పిన మాట నీకు చెప్పకపోతినే... 'కొడుకే నాకు అవ్వయి సాకిండు బిడ్డా' అన్నడే అన్నా... గా మాట తొమ్మిదేండ్లు కడుపుల్నే వెట్టుకుంటినే..."

దుప్పటి కింద నారాయణకు మొదట భుజాలు అదిరాయి. తర్వాత కడుపు అదిరింది. 'కొడుకే నాకు అవ్వయి సాకిండు.' తల్లిలా సాకాడని బాపు అన్నాడా? ఆ మాట అన్నాడా! ఛాతీలో ఇరుక్కున్నదేదో పైకి తన్నుకొచ్చింది. ఆయన దుప్పటి విసిరేసి లేచి కూర్చుని, గార్ల దాకా వినిపించేంత గట్టిగా "అహల్యా!" అని పిలిచి, భోరున ఏడ్చాడు.

కొమురవ్వ గోడకు చేరగిలబడింది. ముగ్గురు చుట్టాలు వరండాలోకి పరుగెత్తారు. గోప్యా ఒక్కడే చేతులెత్తి మొక్కాడు. అహల్య రెండు చేతులతో అన్న మొహం తడిమి చూసింది.

"నువ్వు సచ్చిపోలేదా?"

"లేదు."

"పోతలేవా?"

"ఇప్పట్లయితె లేదు."

అహల్య ఏడుపు అక్కడే ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి. "మరి గార్ల నుంచి నేనెవలి కోసం ఏడ్సుకుంట వచ్చిన?"

ఇక దాచేదేమీ లేదు. వార్డంతా వింటుండగా నారాయణ మొత్తం కక్కేశాడు. నీ పేరెత్తితే గొంతు పట్టేస్తోందని, దాని కోసం మాట్లాడించే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నానని, ఆమె ఫోనులో ఉండగానే గోప్యా తలుపు విరిచాడని. మధుకర్ నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు. నారాయణ అతని వైపు తిరిగి, "ఏం చూస్తున్నవ్? మనసుకు గూడ బాగలేకపోతది. నాది తప్పయింది. నీ సెలవు కాయితం మల్ల రాసియ్యి," అన్నాడు. ఆ మాట చెబుతుంటే కూడా గొంతు అడ్డం పడకపోవడం ఆయనకే వింతగా ఉంది.

దుప్పటిలో పడ్డ ఫోనులోంచి సన్నగా, "సార్? ఇప్పుడు యాడ తెలుస్తున్నది?" అని వినిపించింది.

"సగం దిగిందమ్మా! మిగిలింది వచ్చే బుధారం చెప్త!"

అహల్య మాత్రం కొంగు దులుపుకుని లేచింది. "నేను చెడ్డకని వచ్చిన. చెడ్డ లేదు. ఇంక నాకిక్కడేం పని? పోత." ఆమె మొండితనానికి చుట్టాలంతా తలలూపారు. కట్టుబాటు కట్టుబాటే. పిలవని మంచికి ఆడబిడ్డ ఎట్లా వస్తుంది?

నారాయణ మంచం దిగాడు. నర్సు అరుస్తున్నా వినకుండా అరిపాదాలు రెండూ నేల మీద గట్టిగా ఆనించి నిలబడ్డాడు. సులోచన అప్పటికే పర్సులోంచి కుంకుమ డబ్బీ తీసి ఆడబిడ్డకు బొట్టు పెట్టింది. ఆయన ఒక్క ఊపిరి విడిచి అన్నాడు. "చెల్లె, బాపుకు కల్లు పొయ్యనందుకు నాకు గూడ ఇప్పటికీ దుఃఖమే. ఆదివారం కొత్తింట్ల పాలు నువ్వే పొంగియ్యాలె. రా."

అహల్య నుదుటి బొట్టు చెదరకుండా కొంగుతో మొహం తుడుచుకుంది. చివరికి ముక్కు చీదుకుని, "పొద్దుగాల ఎన్ని గంటలకు?" అంది.

వార్డంతా ఊపిరి పీల్చుకుంది, ఒక్క అహల్య తప్ప. పొద్దున్నుంచి మెతుకు ముట్టకుండా మూడు గంటలు ఏడ్చుకుంటూ వచ్చిన మనిషి, తల తిరిగి మంచం మీద కూలబడింది. డాక్టరు పరుగున వచ్చి చూసింది. నారాయణ ఈసీజీ రెండోసారీ బాగుంది, బీపీ దిగింది. అహల్య బీపీ నూట ఎనభై! "ఈమెను పండబెట్టండి. మీరు ఆ స్టూలు మీద కూచోండి," అంది. పేషెంటు అటెండెంటయ్యాడు, పరామర్శకు వచ్చినామె పేషెంటయింది.

నారాయణ స్టూలు మీద కూర్చుని చెల్లెలికి అరటిపండు ఒలిచాడు. ఆమె సగం తిని, చెయ్యి వెనక్కి పెట్టి వీపు చూపించింది. "గీడ అన్నా, రెక్కల నడుమ. బాపు పోయినప్పటి సంది పట్టుకున్నది. ఎన్ని మందులు రాసినా పోతలేదు."

"ఎట్లున్నది?" అని అడిగాడు నారాయణ, బాగా చెయ్యి తిరిగినవాడిలా. "చెప్పు, తొందరేం లేదు."

అహల్య కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టింది.

పొద్దుగూకేవేళ భూపాలపల్లి నుంచి వాళ్ళ మేనమామ కొడుకులు జీపు నిండా దిగారు. జరిగిందంతా విన్నారు, అన్నాచెల్లెళ్ళు ముచ్చట్లలో ఉన్నారని చూశారు. ఇంత దూరం వచ్చి ఏడవకుండా పోతే బాగుండదని, పక్క మంచం మీద కాలు విరిగిన ముసలాయన పేరు కనుక్కుని, ఆయన దగ్గర అరగంట ఏడ్చి వెళ్ళారు.